బ్యాటరీని ఎవరు తిన్నారు

నా చిన్నప్పుడు ఇలా జరిగిందని నేను నోరు తెరిస్తే చాలు, మా ఇంట్లో వాళ్లు ముందే ఒక లెక్క వేసుకుంటారు. ఏనుగు అన్నానంటే దున్నపోతు, దున్నపోతు అన్నానంటే మేక, మేక అన్నానంటే అక్కడ అసలేమీ లేదు. ఆ లెక్క తప్పని నేననను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడానికి నాకు నోరు రాదు. కొంచెం గాలి కొట్టి, కొంచెం రంగు పూసి, అప్పుడు గానీ బయటికి వదలను. ఈ సంగతిలో కూడా అక్కడక్కడా గాలి ఉంటుంది. చాలావరకు మీకే తెలిసిపోతుంది. తెలియని చోటు ఒకటుంది, అది ఎక్కడో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

మాది పుంగనూరు. మా పెదనాయన చుట్టుపక్కల పల్లెల్లో టమోటా ఎత్తి మదనపల్లె మార్కెట్టుకు తోలేవాడు. వారంలో ఒకటి రెండు రోజులు కుప్పం రైలుకు కూరగాయలు. దీనికంతా ఆయన దగ్గర ఒక పాత డీజిలు పికప్పు ఉండేది. ఎంత పాతదంటే, దాని మొదటి ఓనరు తెల్లదొర అని తేలినా నేను ఆశ్చర్యపోను. తలుపుకు గొళ్లెం బదులు ఎద్దును కట్టే పలుపు. వైపరు ఒకటే పనిచేసేది, అదీ డ్రైవరు లేని పక్క. ఇక కరెంటు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎడమ ఇండికేటరు వేస్తే లోపల లైటు వెలిగేది. బ్రేకు తొక్కితే ఇండికేటరు కన్ను కొట్టేది. హారన్ నొక్కితే పుంగనూరు దూడ తల్లికోసం అరిచినట్టుండేది. మా ఊరి ఆవులే నడుమెత్తు రావు, ఇక దూడ గొంతు ఎంతుంటుందో మీరే అనుకోండి.

ఆ బండిని తోలింది మా డ్రైవరన్న. కుప్పం పక్క పల్లె ఆయనది. తెలుగులో తిట్టి, కన్నడంలో బేరమాడి, అరవంలో పాడుకునే మనిషి. ఎనిమిదేళ్లుగా పెదనాయన దగ్గరే ఉన్నాడు. పెళ్లాం, ఇద్దరు ఆడబిడ్డలు ఊళ్లో, ఆయన బండిలో. ఇక్కడ ఈ బండి చక్రం తిరిగితేనే అక్కడ ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. బండిని ఎక్కడ ఆపినా ఏటవాలు చూసుకుని, మూతి పల్లానికి పెట్టి ఆపేవాడు. పొద్దున సెల్ఫ్ తిరగకపోయినా దొర్లించుకుని స్టార్టు చేయొచ్చని. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, మా ఇంట్లో అన్నానికి కూర్చున్నా ఆకు పల్లానికి పెట్టుకుని కూర్చుంటాడని మా పెద్దమ్మ నవ్వేది.

ఆయనకంటూ ఉన్న ఆస్తి ఒక్కటే, బండిలో బిగించుకున్న టేపురికార్డరు. కుప్పంలో ఎవరో వాడి వదిలేసింది కొనుక్కొచ్చి, తనే వైరు లాగి, దానికి వేరుగా ఒక ఫ్యూజు కూడా పెట్టుకున్నాడు. దాంట్లో పాట మొదలైతే వెనకాల బాక్సుల్లో టమోటాలు మదనపల్లె దాకా తలలూపుతూ వచ్చేవి. నాకు అప్పుడు పదకొండేళ్లు. ఆ టేపంటే నాకు పిచ్చి. ఆదివారం వస్తే పుస్తకం మూసి బండెక్కేవాణ్ని, టమోటా కోసం కాదు, టేపు కోసం.

ఆ ఏడు మా పెద్దమ్మకు జబ్బు చేసింది. పెద్దాసుపత్రిలో నెలరోజులుంది. ఇక లేదనుకున్న మనిషి లేచి వచ్చింది. పెదనాయన మొక్కుకున్నాడట, మనిషి ఇంటికొస్తే బండిలో స్వామి పటం ముందు దీపం ఆరనివ్వనని. పోయేది టమోటా బండి, దాంట్లో నూనె దీపం ఎలా నిలుస్తుంది. అందుకని ఆయుధపూజ రోజున పటం చుట్టూ పదకొండు చిన్న బల్బులు పెట్టించాడు. పెట్టించడమేంటి, తనే పెట్టాడు. తాళం లైనుకు కలిపితే బండి ఆపగానే దీపం ఆరిపోతుందని, సరాసరి బ్యాటరీ దగ్గర్నించే వైరు లాగి, ఫ్యూజు గీజు లేకుండా, తన చేత్తో ముడేశాడు. బల్బులు వెలిగాయి. స్వామి పెళ్లికొడుకులా ఉన్నాడు. డ్రైవరన్న టెంకాయ కొట్టాడు. ఆ రోజు నుంచీ ఆ పదకొండు బల్బులు పగలూ రేయీ వెలుగుతూనే ఉన్నాయి.

పది రోజులు తిరిగేసరికి బండి మొరాయించడం మొదలుపెట్టింది. సాయంత్రం గుర్రంలా వచ్చి నిలబడేది, పొద్దున తాళం తిప్పితే కటక్ అని ఒక్క శబ్దం, అంతే. మూడూళ్ల మెకానిక్కులూ మూడు మాటలు చెప్పారు. పుంగనూరు మెకానిక్కు సెల్ఫ్ అన్నాడు, కార్బన్లు మార్చాడు. మదనపల్లె వాడు డైనమో అన్నాడు, బెల్టు బిగించాడు. కుప్పం వాడు బ్యాటరీ అన్నాడు, యాసిడ్ నీళ్లు పోసి ఒక రోజంతా చార్జింగ్ పెట్టాడు. ఆ బ్యాటరీకి జరిగినన్ని సేవలు పెళ్లికూతురికి కూడా జరగవు. మూడో రోజుకు మళ్లీ కటక్.

ఇందులో వింత ఏమిటంటే, బ్యాటరీ అంతగా చచ్చిపోయిన రోజున కూడా స్వామి చుట్టూ బల్బులు మాత్రం సన్నగా, నిప్పురవ్వల్లా ఎర్రగా వెలుగుతూ ఉండేవి. సెల్ఫ్ తిప్పడానికి చాలని కరెంటు అంత చిన్న బల్బులకు చాలుతుందని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు పెదనాయన చెప్పులు విప్పి దణ్ణం పెట్టేవాడు. "సూడండప్పా, బండి సచ్చినా సామి దీపం ఆరలా" అని దారిన పోయేవాళ్లను పిలిచి చూపించేవాడు. వాళ్లూ దణ్ణం పెట్టి, తర్వాత బండి నెట్టేవాళ్లు.

రోజూ చూస్తున్నారు అందరూ. ఆ వెలుగులోనే వైర్లు వెతుకుతున్నారు. సెల్ఫ్ కరెంటు తింటుందనుకున్నారు, డైనమో సరిగా పెట్టడం లేదనుకున్నారు, దేవుడు తింటున్నాడని మాత్రం ఒక్కరికీ తోచలేదు. ఒక్కరికి తోచింది. డ్రైవరన్న ఒకరోజు బాక్సులు దించేటప్పుడు నెమ్మదిగా అన్నాడు.

"అయ్యా, బండి ఆపినాక ఆ లైట్లు ఆపి సూద్దామా. ఒక్క దినం."

పెదనాయన చేతిలో బాక్సు కింద పెట్టాడు. "ఏ లైట్లు?"

"సామి లైట్లు."

"మా ఇంటామె బతికుండేది నీకు ఇష్టం లేదా?"

డ్రైవరన్న ఇంకో బాక్సు భుజానికెత్తుకున్నాడు. కానీ ఆ మాట పెదనాయన లోపలికి ముల్లులా దిగింది. అప్పటి నుంచి ఆయన చూపు బండి మీద నుంచి డ్రైవరు మీదికి మళ్లింది. బండిలో పడుకునేది ఎవరు, డ్రైవరు. పాటల పిచ్చి ఎవరికి, డ్రైవరుకు. ఇంకేముంది, బండి ఆపినాక వీడు టేపు పెట్టుకుని వింటున్నాడు, బ్యాటరీని తింటున్నాడు. మార్కెట్టులో ఈ మాట అనేశాడు కూడా. డ్రైవరన్న ఒట్టు పెట్టుకున్నాడు. నమ్మకపోతే తన టేపు ఫ్యూజు తీసి పెదనాయన చేతిలో పెట్టాడు.

"ఇది మీ జోబీలోనే పెట్టుకోండయ్యా. రేపు పొద్దున బండి లేయకపోతే నేను కాదని మీకే తెలస్తాది."

దాన్ని మించిన పరీక్ష ఏముంది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ మూడూళ్ల మెకానిక్కులకంటే పద్ధతిగా ఆలోచించింది ఆయనొక్కడే. పొద్దున బండి లేవలేదు. ఫ్యూజు పెదనాయన చొక్కా జేబులోనే ఉంది. ఆయన దాన్ని బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, "నీ దగ్గర ఇంగో ఫ్యూజు లేదని ఏం నమ్మకం" అన్నాడు.

ఆ రోజు ఆదివారం, అందుకే నేనక్కడున్నాను. బండి నిండా పండిన టమోటా, లోడెత్తిన చోట పల్లమే లేదు. దాన్ని నలభై మంది నెట్టారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు, పాలవాళ్లు, పెళ్లికి పోతున్న ఒక బ్యాండు మేళం. డోలు భుజాన ఉండగానే నెట్టారు. స్టార్టయినప్పుడు పొగ ఎంత లేచిందంటే హార్స్లీ కొండ మీద మబ్బు పట్టిందని టూరిస్టులు గొడుగులు తెరిచి ఉంటారు. మేం మదనపల్లె చేరేసరికి వేలం అయిపోయింది. మిగిలిన ఒకరిద్దరు వ్యాపారులు వచ్చి, టమోటాను వేలితో నొక్కి చూసి, పెదవి విరిచి పోయారు. పెదనాయన వాళ్లను ఏమీ అనలేదు. వెనక్కి తిరిగి, మార్కెట్టంతా వింటుండగా డ్రైవరన్నను దొంగ అన్నాడు. ఎనిమిదేళ్లలో అంత మాట ఎప్పుడూ అనలేదు. డ్రైవరన్న తలపాగా విప్పి, మొహం తుడుచుకుని, మళ్లీ కట్టుకున్నాడు.

అక్కణ్నించి బండిని వైరింగ్ భాయ్ అంగడికి తీసుకుపోయాం. బస్టాండు వెనకాల సందులో ఆయన అంగడి. బండ్ల వైరింగు తప్ప ఇంకో పని ముట్టడు. సన్నటి మనిషి. గడ్డానికీ చేతికీ ఒకే రంగు గ్రీజు. వైరు తాకితే చాలు, దానికి ఎప్పుడు జ్వరం వచ్చిందో చెప్పేవాడని అందరూ అనేవాళ్లు. నేనన్నదాంట్లో ఇదొక్కటే తక్కువ చేసి చెప్పింది. పెదనాయన ఎదురుగా టీ అంగడి బెంచీ మీద కూర్చున్నాడు. డ్రైవరన్న బండి వెనక చక్రం దగ్గర గొంతుకూర్చున్నాడు. నేను బానెట్టు పక్కన నిలబడ్డాను.

భాయ్ మొదట ఏమీ విప్పలేదు. తాళం తీసేశాడు. బ్యాటరీ మైనస్ టెర్మినల్ వదులు చేసి పక్కకు తీసి, ఆ సందులో ఒక బల్బు పెట్టాడు. బల్బు ఒక కాలు బ్యాటరీకి, ఇంకో కాలు ఊడదీసిన వైరుకు. అన్నీ ఆపేసి ఉన్నా బల్బు వెలిగింది.

"సూడు బేటా" అన్నాడు నాతో. "బండి నిద్రపోతాంది. అయినా ఎవురో తింటాండారు. ఇంట్లో ఎవురు తింటాండారో ఎట్ల కనుక్కుంటావు? ఒక్కొక్కర్ని బయటికి పిలువు. ఎవురు పోతే కుండలో గంజి తగ్గడం ఆగుతాదో, వాడే."

ఒక్కొక్క ఫ్యూజు తీస్తూ పోయాడు. హెడ్లైట్లు. బల్బు వెలుగుతోంది. హారన్. వెలుగుతోంది. టేపు ఫ్యూజు స్థానం ముందే ఖాళీ. దాని వైరు కూడా ఊడదీశాడు. వెలుగుతోంది. ఫ్యూజులన్నీ ఆయన అరచేతిలో ఉన్నాయి, బల్బు మాత్రం పెళ్లింట్లోలా వెలుగుతోంది. అప్పుడు ఆయన బ్యాటరీ ప్లస్ దగ్గర్నించి విడిగా పోతున్న ఒక సన్న వైరును రెండు వేళ్లతో పట్టుకుని, వేళ్లు జార్చుకుంటూ, లోపలికి వంగి, డ్యాష్‌బోర్డు దాకా వచ్చి ఆగాడు. స్వామి పటం ఎదురుగా ఆయన వేళ్లు ఆగిపోయాయి. పటాన్ని తాకకుండా, దాని వెనక ముడిని మాత్రం గోటితో లాగాడు.

స్వామి చుట్టూ చీకటి. ఇటు బల్బు ఆరిపోయింది.

నేను చూశాను. డ్రైవరన్న గొంతుకూర్చున్న చోటి నుంచి లేచి నిలబడ్డాడు. ఆయనా చూశాడు. భాయ్ మా ఇద్దరినీ చూసి, వెంటనే ముడి మళ్లీ కలిపేశాడు. పెదనాయన టీ గ్లాసు దించేలోపల స్వామి చుట్టూ మళ్లీ వెలుగు.

భాయ్ లేచి, చేతులు తుడుచుకుని పెదనాయన దగ్గరకు పోయాడు. "అన్నా, ఆ పదకొండు బల్బుల వేడికి సామి పూలమాల వాడిపోతాండాది. ఇది మంచిది కాదు. నేను సల్లటి లైటు పెడతా. రేడియోల్లో వస్తాది, మిరపగింజంత ఎర్ర లైటు. పూలు కాలవు, ఎప్పటికీ ఆరదు" అన్నాడు. పెదనాయన కళ్లు తడి అయ్యాయి. "సాయిబువై ఉండి మా సామి పూల గురించి ఆలోచించినావు" అన్నాడు. భాయ్ తల దించుకుని పోయి, పదకొండు బల్బులు తీసి ఆ చిన్న లైటు బిగించాడు. మళ్లీ పరీక్ష బల్బు పెడితే వెలగలేదు. రోగం కుదిరింది.

అంత తెలివి నేను అంతకుముందు చూడలేదు. ఎవరి మనసూ నొప్పించకుండా, ఎవరి మొక్కూ చెడకుండా, బండి బాగైపోయింది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే భాయ్ స్క్రూ తిప్పుతూ నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. "నేను పోయి నీ దేవుడి దీపమే తప్పు అన్నాననుకో, రేపట్నించి ఈ సందులోకి ఎవురొస్తారు? బండి బాగయితే సాలు బేటా. తప్పెవురిదో పైవాడికి తెల్సు."

చిన్నవాణ్ని. అది జ్ఞానమనుకున్నాను.

పెదనాయన వచ్చి తాళం తిప్పాడు. బండి లేచింది. ఆయన మొహం వెలిగిపోయింది. "అయితే టేపే గదా భాయ్" అన్నాడు.

భాయ్ ఫ్యూజులు ఒక్కొక్కటే మళ్లీ గుచ్చుతున్నాడు. "టేపు పాతదైపోయింది అన్నా. తీసేస్తే మంచిదే" అన్నాడు. అవుననలేదు, కాదనలేదు.

"తీసెయ్" అని పెదనాయన నా వైపు తిరిగాడు. "రేయ్, ఆ టేపు నువ్వు తీసుకో. ఇంట్లో పెట్టుకుని పాడించుకో." తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు పక్కనే నిలబడి అంతా సూస్తాండావు గదా. టేపే గదా?"

డ్రైవరన్న నా వైపు చూశాడు. బతిమాలినట్టు కాదు. నేను చెప్తానన్న నమ్మకంతో చూశాడు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. టేపు అప్పటికే ఊడదీసి నా చేతుల్లో పెట్టారు. అది వెచ్చగా ఉంది.

"టేపే" అన్నాను.

మూడక్షరాలు కూడా లేవు. నా జీవితంలో ఏ గాలీ కొట్టకుండా, ఏ రంగూ పూయకుండా చెప్పిన మాట అదొక్కటే, అది అబద్ధం.

డ్రైవరన్న తనే బండి తోలి మమ్మల్ని పుంగనూరు చేర్చాడు. ఇంటి ముందు అలవాటు కొద్దీ పల్లం చూసుకుని, మూతి కిందికి పెట్టి ఆపాడు. తాళం పెదనాయన చేతికిచ్చి, సీటు వెనక సంచీ తీసుకున్నాడు. టేపు తనదని అడగలేదు. మా పెద్దమ్మ గడపలో నిలబడి, "ఏమైందప్పా, అన్నం తిని పో" అంది. "వొద్దులేమ్మా, బస్సుకు పొద్దుపోతాది" అన్నాడు.

ఆయన వీధి మలుపు తిరిగాక నాకు కాళ్లు ఆగలేదు. బస్టాండుకు పరుగెత్తాను. కుప్పం బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడి ఉన్నాడు. నేను ఏడుస్తూ అంతా చెప్పాను, చూశానని, తెలిసే అన్నానని, ఇప్పుడే పోయి పెదనాయనకు చెప్తానని. ఆయన నా తల నిమిరాడు. "సాల్లే తంబీ. నువ్వు సెప్పినావు గదా, నాకది సాలు" అన్నాడు. బస్సు కదిలింది. కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

ఆ తర్వాత బండి నాలుగేళ్లు ఒక్క పొద్దున కూడా మొరాయించలేదు. అదే ఆయన మీద సాక్ష్యమైపోయింది. "వాడు పోయినాక సూడు, బండి ముట్టుకుంటే లేస్తాది" అని పెదనాయన ప్రతి వచ్చేవాడికీ చెప్పేవాడు. ఆ చెప్పడం కుప్పం దాకా పోయింది. బ్యాటరీ దొంగ అనే పేరు తగిలించుకున్న మనిషికి బండి ఇచ్చేదెవరు. గ్రానైటు క్వారీలో రాళ్లెత్తే పనికి పోయాడని ఒకసారి విన్నాను. ఆ తర్వాత వినలేదు. అడగనూ లేదు. పెదనాయన పోయేదాకా అదే నమ్మకంతో ఉన్నాడు. మా వంశంలో ఇప్పటికీ ఏదైనా వస్తువు పనిచేయకపోతే, దీన్ని వాడేది ఎవరు అని ముందు మనిషిని వెతుకుతారు. నేను మాత్రం అలాంటి చోట లేచి బయటికి పోతాను. ఎవరైనా నా వైపు తిరిగి, నువ్వు చూశావు గదా అని అడుగుతారేమోనని భయం. బండి బాగయితే సాలు అన్న మాట కూడా ఎవరి నోట విన్నా నేనక్కడ నిలబడలేను.

ఇక కల్పించింది చెప్పాలి. నెట్టింది నలభై మంది కాదు, తొమ్మిది మంది. బ్యాండు మేళం లేదు. కొండ మీద గొడుగులు నాకెలా తెలుస్తాయి. ఇవన్నీ మీరు ముందే పట్టుకుని ఉంటారు. బల్బులు పదకొండే, దాంట్లో గాలి లేదు. ఫ్యూజు జేబులో ఉండిందీ నిజమే, భాయ్ అన్న మాటలూ నిజమే, నేనన్న మాటా నిజమే.

కల్పించింది బస్టాండు. నేను బస్టాండుకు పోలేదు. ఆయన వీధి మలుపు తిరుగుతున్నప్పుడు నేను లోపల గదిలో టేపుకు కరెంటు ఎలా ఇవ్వాలా అని వైర్లు వెతుకుతున్నాను. కుప్పం బస్సు ఎప్పుడు కదిలిందో నాకు తెలియదు. పెదనాయనకు గానీ, మా పెద్దమ్మకు గానీ, ఎవరికీ నేను ఆ సంగతి చెప్పలేదు. సాల్లే తంబీ అని ఆయన అనలేదు. ముప్పై ఏళ్లుగా ఆ మాట నాకు నేనే చెప్పుకుంటున్నాను, ఆయన గొంతుతో.